డౌనింగ్ స్ట్రీట్‌కు నాంపల్లి నుంచి

యునైటెడ్ కింగ్‌డమ్ ప్రధానమంత్రి గారికి,
10 డౌనింగ్ స్ట్రీట్, లండన్.

ప్రధానమంత్రి గారూ,

ఈ ఉత్తరం మీద మనిషి పేరు రాయలేదు, పదవి ఒక్కటే రాసి ఉంది. 2016 జూలైలో డేవిడ్ కామెరాన్ దిగిపోయాక 2024 జూలై వచ్చేసరికి ఆ పదవిలోకి వరుసగా ఐదుగురు వచ్చారు: థెరెసా మే, బోరిస్ జాన్సన్, లిజ్ ట్రస్, రిషి సునాక్, కియర్ స్టార్మర్. వీరిలో ట్రస్ ఏడు వారాలకే వెళ్లిపోయారు. మనుషులు ఇంత తొందరగా మారే చోట మాట ఇచ్చేది ఒకరు, దాన్ని మోయవలసింది ఇంకొకరు. మాట తీసుకున్న జనం మాత్రం అక్కడే ఉంటారు. స్కాట్లాండ్‌లో ఇప్పుడు నడుస్తున్నది అదే. హైదరాబాదులోని నాంపల్లి ఆ కథను యాభై ఎనిమిదేళ్ల పాటు కళ్లారా చూసింది.

అబిడ్స్ జీపీవో దగ్గర బయల్దేరి నాంపల్లి స్టేషన్ దాటి వస్తే పబ్లిక్ గార్డెన్స్. దాన్ని ఆనుకుని 1913లో టౌన్‌హాలుగా పూర్తయిన తెల్లటి భవనం, నేటి తెలంగాణ శాసనసభ. ఆ సభకు ఎదురుగా, రోడ్డుకు ఇవతల, గన్‌పార్కు. అందులో శిల్పి ఎక్కా యాదగిరిరావు తీర్చిన అమరవీరుల స్తూపం, 1969 తెలంగాణ ఉద్యమంలో ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ల కోసం. వాళ్లు 369 మంది అని ఉద్యమకారుల లెక్క. సర్కారు ఒప్పుకున్న లెక్క అంతకంటే చాలా తక్కువ. ఏ పార్టీవాళ్లయినా సరే, పెద్ద పని మొదలుపెట్టే ముందు ఆ స్తూపం దగ్గర ఆగి పూలు పెట్టి వెళ్లడం ఇక్కడ ఆనవాయితీ.

ఆ రోడ్డు మీద రోజూ తిరిగేవాళ్ల తరఫున ఈ ఉత్తరం అడిగేది ఒక్కటే. ఉంటారా విడిపోతారా అని స్కాట్లాండ్ ప్రజలను మళ్లీ ఎప్పుడు, ఏ షరతు మీద, ఎవరు అడుగుతారో చట్టంలో రాయండి. విడిపోతే లెక్కలు ఎలా తేలుస్తారో కూడా ఓటుకు ముందే రాయండి. స్కాట్లాండ్ ఉండాలా పోవాలా అన్నది అక్కడివాళ్ల ఇష్టం, దాని మీద నాంపల్లికి ఓటు లేదు. దారి లేకపోతే ఏమవుతుందో చెప్పే హక్కు మాత్రం నాంపల్లికి ఉంది.

తెలుగునేలకు స్కాట్లాండ్ మరీ కొత్తదేమీ కాదు. గ్లాస్గోలో పుట్టిన థామస్ మన్రో దత్త మండలాల కలెక్టరుగా పనిచేసి, మద్రాసు గవర్నరై, 1827లో కర్నూలు సీమలోని పత్తికొండలో కలరాతో కన్నుమూశారు. లూయిస్ దీవిలోని స్టోర్నోవేలో పుట్టిన కాలిన్ మెకంజీ కావలి సోదరుల సాయంతో ఊరూరి చరిత్రను కైఫీయత్తులుగా రాయించారు. కరణాలు చెప్పింది, వృద్ధులు చెప్పింది, శాసనాల్లో ఉన్నది, అన్నీ కాగితం మీదికి ఎక్కించారు. ఇద్దరూ కంపెనీ పాలన కోసమే పనిచేశారన్నది కాదనలేం. కానీ ఊళ్ల సంగతి ఊళ్లవాళ్లనే అడిగి రాయించిన ఆ పద్ధతి లండన్ తన పొరుగువాళ్ల విషయంలోనూ పాటించదగ్గదే.

ఇక నాంపల్లి చూసిన కథ 1955లో మొదలుపెట్టాలి. ఫజల్ అలీ అధ్యక్షతన వేసిన రాష్ట్రాల పునర్విభజన కమిషన్ ఆ ఏడాది నివేదిక ఇచ్చింది. తెలంగాణను అప్పటికి హైదరాబాద్ రాష్ట్రంగా విడిగానే ఉంచమంది. 1961 ప్రాంతంలో రావలసిన సాధారణ ఎన్నికల తర్వాత, ఆ రాష్ట్ర శాసనసభ మూడింట రెండొంతుల మెజారిటీతో ఒప్పుకుంటే ఆంధ్రతో కలపవచ్చంది. ఎవరిని అడగాలో, ఎప్పుడు అడగాలో, ఎంతమంది ఒప్పుకోవాలో, మూడూ అందులో ఉన్నాయి. హైదరాబాద్ శాసనసభలో అప్పుడు జరిగిన చర్చలో ఎక్కువమంది సభ్యులు విశాలాంధ్ర వైపే మాట్లాడారన్నది నిజం, దాన్ని దాచకూడదు. కానీ కమిషన్ చెప్పిన గడువు రాలేదు, ఆ ఎన్నికలూ ఆ ఓటింగూ జరగలేదు. 1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది.

మీ దగ్గర 1979లో జరిగింది దీనికి తలకిందులు. స్కాట్లాండ్‌కు సొంత సభ కావాలా అని మార్చి 1న అడిగితే 51.6 శాతం అవునన్నారు. అయినా సభ రాలేదు. చట్టం పార్లమెంటులో ఉండగా ఒక సభ్యుడు తెచ్చిన సవరణ ప్రకారం, మొత్తం ఓటర్లలో 40 శాతం అవునని ఉండాలి. ఓటుకు రానివాళ్లంతా ఆ లెక్కలో కాదన్నవాళ్లే అయ్యారు. తెలంగాణలో ఉన్న షరతును దాటేశారు, స్కాట్లాండ్‌లో లేని షరతును మధ్యలో చేర్చారు. దాని పర్యవసానంగా వచ్చిన అవిశ్వాస తీర్మానంలో, మార్చి 28న ఒకే ఒక్క ఓటు తేడాతో, 311కి 310తో, అప్పటి ప్రధాని కల్లహాన్ ప్రభుత్వం పడిపోయింది. స్కాట్లాండ్‌కు సభ రావడానికి ఇంకో ఇరవై ఏళ్లు పట్టింది. 1997 సెప్టెంబర్‌లో 74.3 శాతం అవునన్నాక, 1999లో వచ్చింది.

1956కి తిరిగి వద్దాం. ఆంధ్రప్రదేశ్ ఏర్పడక ముందే, ఫిబ్రవరి 20న, ఢిల్లీలోని హైదరాబాద్ హౌస్‌లో రెండు ప్రాంతాల నేతలు కూర్చుని పెద్దమనుషుల ఒప్పందం రాసుకున్నారు. ఆంధ్ర నుంచి బెజవాడ గోపాలరెడ్డి, నీలం సంజీవరెడ్డి, గౌతు లచ్చన్న, అల్లూరి సత్యనారాయణరాజు. తెలంగాణ నుంచి బూర్గుల రామకృష్ణారావు, కె.వి. రంగారెడ్డి, మర్రి చెన్నారెడ్డి, జె.వి. నర్సింగరావు. మంత్రివర్గంలో 60:40 నిష్పత్తి, తెలంగాణకు ప్రాంతీయ మండలి, తెలంగాణ మిగులు రాబడి తెలంగాణకే ఖర్చు, ఉద్యోగాల్లో స్థానికులకు ముల్కీ రక్షణ. ముఖ్యమంత్రి ఒక ప్రాంతం వారైతే ఉప ముఖ్యమంత్రి రెండో ప్రాంతం వారు. రాసినంతవరకు మంచి కాగితమే. కానీ దాన్ని తప్పితే ఏ కోర్టుకు పోవాలో అందులో లేదు. తొలి ముఖ్యమంత్రి సంజీవరెడ్డి మంత్రివర్గంలోనే ఉప ముఖ్యమంత్రి లేకుండా పోయారు. ఆ పదవిని ఆయన ఆరో వేలితో పోల్చారని తెలంగాణలో ఇప్పటికీ చెప్పుకుంటారు. కలిసిన మొదటి రోజునే ఒక మాట పోయింది.

1707లో మీ రెండు రాజ్యాలు కలిసినప్పుడు కూడా ఇలాంటి కాగితమే రాసుకున్నారు. ఇరవై ఐదు అధికరణాలు. స్కాట్లాండ్ న్యాయవ్యవస్థ దానిదే, చర్చి దానిదే. ఇంగ్లండ్ అప్పులో ఇకపై భాగం మోయవలసి వస్తుంది కాబట్టి, పనామా తీరంలో డేరియన్ వలసకు పెట్టి మునిగిపోయిన సొమ్ముకు కూడా కలిపి, పరిహారంగా 3,98,085 పౌండ్ల 10 షిల్లింగులు. షిల్లింగుల దాకా లెక్క రాసుకున్నారంటే నాటివాళ్లు ఎంత పట్టింపుగా ఉన్నారో చూడండి. ఆ రోజుల్లో ఎడింబరో వీధుల్లో జనం గొడవ చేశారు, వాళ్లకు నచ్చలేదు. అయినా ఆ కలయిక మూడు వందల ఏళ్లు దాటి నిలిచిందంటే, రాసుకున్నవాటిలో ముఖ్యమైనవి, కోర్టులూ చర్చీ, చేతికి తగిలేలా మిగిలి ఉండటం ఒక కారణం. తెలంగాణ రక్షణలకు ఆ భాగ్యం దక్కలేదు.

మిగులు రాబడి సంగతే తీసుకోండి. తెలంగాణ డబ్బు ఎటు పోతోందన్న ప్రశ్న మీద 1969లో జనం రోడ్డెక్కిన తర్వాత గానీ లెక్క తీయలేదు. కుమార్ లలిత్ కమిటీ, ఆపైన జస్టిస్ వశిష్ఠ భార్గవ కమిటీ చూశాయి. ఎంత అన్నదానిలో తేడా వచ్చింది గానీ, తెలంగాణకు ఖర్చు పెట్టకుండా మిగిల్చిన సొమ్ము కోట్లలో ఉందన్న దానిలో తేడా రాలేదు. ఉత్తర సముద్రపు చమురు మీద స్కాట్లాండ్ వాళ్లు అడిగే ప్రశ్న కూడా ఈ జాతిదే. 1974లో గావిన్ మెక్రోన్ అనే ఆర్థికవేత్త ప్రభుత్వం కోసమే ఒక నివేదిక రాశారు. ఆ చమురుతో స్వతంత్ర స్కాట్లాండ్‌కు పెద్ద ఎత్తున మిగులు ఉంటుందని అందులో ఉంది. దాన్ని 2005 దాకా బయట పెట్టలేదు. లెక్క దాచిన ఇంట్లో అన్నదమ్ములు వేరుపడకుండా ఉండరు. 2025 ఏప్రిల్‌లో స్కాట్లాండ్‌కు ఉన్న ఒకే ఒక్క చమురు శుద్ధి కర్మాగారం, గ్రేంజ్‌మౌత్, ముడిచమురు శుద్ధి ఆపేసినప్పుడు అక్కడి కార్మికుల కోపంలో ఆ పాత నివేదిక బాకీ కూడా కలిసే ఉంటుంది.

1969లో కాల్పులు, జైళ్లు, మూతపడ్డ కాలేజీలు. 1971 లోక్‌సభ ఎన్నికల్లో తెలంగాణలోని 14 స్థానాల్లో 10 తెలంగాణ ప్రజా సమితికి వచ్చాయి. ఇంతకంటే స్పష్టంగా ఒక ప్రాంతం ఓటుతో ఎలా మాట్లాడగలదు? కానీ గెలిచిన పార్టీ కొద్ది నెలల్లోనే కాంగ్రెస్‌లో కలిసిపోయింది, బదులుగా తెలంగాణకు చెందిన పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రి అయ్యారు. మీ దగ్గర 2015లో స్కాట్లాండ్‌లోని 59 స్థానాల్లో 56 స్కాటిష్ నేషనల్ పార్టీ గెలిచింది, 2024లో 9కి పడిపోయింది. ఆ పతనం చూసి ప్రశ్న తీరిపోయిందని లండన్‌లో అనుకునేవాళ్లుంటే, వాళ్లు 1971 తర్వాతి తెలంగాణను చదవాలి. పార్టీ పడిపోయింది, లేదా అమ్ముడుపోయిందని జనం తిట్టుకున్నారు. అడిగిన ప్రశ్న మాత్రం జనం దగ్గరే ఉండిపోయింది. 2001 ఏప్రిల్ 27న హుస్సేన్‌సాగర్ ఒడ్డున కొండా లక్ష్మణ్ బాపూజీ ఇల్లు జలదృశ్యంలో కొత్త పార్టీ పుట్టేసరికి అది చెక్కు చెదరకుండా ఉంది.

ఆ మధ్యలో ఇంకో సంగతి జరిగింది, దాన్ని వదిలేస్తే ఈ ఉత్తరం ఒక పక్షం ఉత్తరం అవుతుంది. 1972 అక్టోబర్‌లో ముల్కీ నిబంధనలు చెల్లుతాయని సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చాక, కోస్తా, రాయలసీమల్లో జై ఆంధ్ర ఉద్యమం లేచింది. అక్కడా విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు, అక్కడా కాల్పులు జరిగాయి, అక్కడా తల్లులు ఏడ్చారు. పి.వి. రాజీనామా చేశారు, 1973 జనవరిలో రాష్ట్రపతి పాలన వచ్చింది. మూడేళ్ల తేడాలో రెండు ప్రాంతాలూ విడిపోతామన్నా ఇద్దరినీ బలవంతాన కూర్చోబెట్టి, 1973 సెప్టెంబర్‌లో ఆరు సూత్రాల పథకం చేతిలో పెట్టారు. రాజ్యాంగంలో 371-డి అధికరణం చేర్చారు. అది కాగితం మీద పెద్దమనుషుల ఒప్పందం కంటే గట్టిది. అయినా 1985 డిసెంబర్ 30న ఎన్.టి. రామారావు ప్రభుత్వం 610 జీవో ఇచ్చి, నిబంధనలకు విరుద్ధంగా వచ్చిన ఉద్యోగులను మూడు నెలల్లో వెనక్కి పంపాలని చెప్పవలసి వచ్చింది. ఆ జీవో అమలైందా లేదా అని చూడటానికి 2001లో గిర్‌గ్లానీ కమిషన్ వేయవలసి వచ్చింది. నాంపల్లిలో ఏ ప్రభుత్వ ఆఫీసు వరండాలోనైనా పాత గుమాస్తాలకు 610 అంటే చాలు, ఇంకేమీ చెప్పనక్కర్లేదు.

2014లో మీ నేతలు చేసిన ప్రమాణం దగ్గరికి వద్దాం. సెప్టెంబర్ 16న, స్కాట్లాండ్ స్వతంత్రం కావాలా వద్దా అన్న ఓటుకు రెండు రోజుల ముందు, కామెరాన్, మిలిబాండ్, క్లెగ్ సంతకాలతో డైలీ రికార్డ్ పత్రిక మొదటి పేజీలో ఒక హామీ వచ్చింది. ఉండిపోతే ఎక్కువ అధికారాలు ఇస్తామని. 18న 84.6 శాతం మంది ఓటు వేశారు. పదహారేళ్ల పిల్లలు కూడా బారులు తీరారు. 55.3 శాతం ఉంటామన్నారు, 44.7 శాతం పోతామన్నారు. ఆ హామీని మీరు పూర్తిగా ఎగ్గొట్టారనడం అన్యాయం. స్మిత్ కమిషన్ వచ్చింది, 2016లో స్కాట్లాండ్ చట్టం వచ్చింది. కానీ ఆ చట్టంలో పెట్టిన ఒక ముఖ్యమైన వాక్యం ఏమైందో చూడండి. స్కాట్లాండ్ సభకు అప్పగించిన విషయాల మీద, ఆ సభ సమ్మతి లేకుండా వెస్ట్‌మినిస్టర్ మామూలుగా చట్టం చేయదని రాశారు. మరుసటి ఏడాది, 2017 జనవరిలో, మిల్లర్ కేసులో మీ సుప్రీంకోర్టు అది రాజకీయ ఆనవాయితీ మాత్రమేనని, కోర్టు దాన్ని అమలు చేయించలేదని తేల్చింది. చట్టంలో అచ్చయి కూడా పెద్దమనుషుల ఒప్పందం లాగే మిగిలింది.

ఆ తీర్పుకు ముందే బ్రెగ్జిట్ ఓటు జరిగింది. స్కాట్లాండ్‌లో 62 శాతం యూరప్‌తోనే ఉంటామన్నారు, అయినా బయటికి రావలసి వచ్చింది. మళ్లీ అడగనివ్వమంటే 2017లో థెరెసా మే ఇది సమయం కాదన్నారు, 2020లో బోరిస్ జాన్సన్ వద్దన్నారు. 2022 నవంబర్ 23న సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా, లండన్ ఒప్పుకోకుండా స్కాట్లాండ్ సభ ఓటు పెట్టలేదని చెప్పింది. కోర్టును తప్పుపట్టడానికి లేదు, చట్టం అలాగే ఉంది. కానీ ఫలితం ఏమిటి? స్కాట్లాండ్ వాళ్లు ఎన్ని ఎన్నికల్లో ఎవరిని గెలిపించినా, ప్రశ్న అడగడం మీ పదవిలో ఉన్న మనిషి ఇష్టం మీద ఆధారపడింది. కామెరాన్‌కు ఇష్టమైంది, ఎడింబరో ఒప్పందం కుదిరింది. జాన్సన్‌కు ఇష్టం కాలేదు, తలుపు మూసుకుంది.

ఒక మనిషి ఇష్టం మీద నడిచే వ్యవహారం ఎంత క్రూరంగా ఉంటుందో 2009 డిసెంబర్ చెప్పింది. జలదృశ్యంలో పుట్టిన ఆ పార్టీ నాయకుడు కె. చంద్రశేఖర్‌రావు నిరాహారదీక్షతో రాష్ట్రం అట్టుడికింది. డిసెంబర్ 9 రాత్రి కేంద్ర హోం మంత్రి చిదంబరం తెలంగాణ ఏర్పాటు ప్రక్రియ మొదలవుతుందని ప్రకటించారు. ఆ రాత్రి హైదరాబాదులో పండగ. అటుపక్క ఆంధ్ర, రాయలసీమ ఎమ్మెల్యేలు రాజీనామాలు చేశారు. రెండు వారాలకు, 23న, అదే మంత్రి ఇంకా విస్తృతంగా సంప్రదింపులు కావాలన్నారు. ఇచ్చిన రాష్ట్రాన్ని చేతిలోంచి లాగేసుకున్నట్టయింది. ఆ తర్వాత నాలుగేళ్లలో వందల మంది యువకులు తమ ప్రాణాలు తామే తీసుకున్నారు. అంతమంది పిల్లలు పోవడానికి కారణాలు అనేకం ఉండవచ్చు, కానీ రేపేమవుతుందో ఎవరూ చెప్పలేని ఆ స్థితి వాటిలో పెద్దది. మిలియన్ మార్చ్, నలభై రెండు రోజుల సకల జనుల సమ్మె, సాగరహారం, ఇవన్నీ ఒకే ఒక్క జవాబు కోసం: ఎప్పుడు?

స్కాట్లాండ్‌లో అలాంటిది జరగలేదు. దశాబ్దాలుగా ఆ వాదం దాదాపుగా ఓటు పెట్టెల దగ్గరే నడుస్తోంది. ఇది ఆ దేశపు అదృష్టం, అక్కడి రెండు పక్షాల సంస్కారం. దాన్ని అలుసుగా తీసుకోకండి.

దారి రాయడం మీకు చేతకాని పని కూడా కాదు. మీరే ఒకసారి రాశారు. 1998 ఉత్తర ఐర్లండ్ చట్టంలో ఉంది. ఐర్లండ్‌తో కలవాలని అక్కడి మెజారిటీ ఓటు వేసే అవకాశం ఉందని మీ మంత్రికి అనిపిస్తే, ఓటు పెట్టి తీరాలి. ఒకసారి పెట్టాక ఏడేళ్ల దాకా మళ్లీ పెట్టకూడదు. ఆ చట్టంలోనూ లోపం ఉంది, అనిపించడం ఒక మంత్రికే అనిపించాలి. అయినా దారి ఉంది, గడువు ఉంది. ముప్ఫై ఏళ్లు తుపాకులు మోగాక బెల్‌ఫాస్ట్‌కు ఆ దారి దొరికింది. శాంతిగా ఓటు వేసిన ఎడింబరోకు దొరకలేదు. ఇంతకంటే చెడ్డ పాఠం ప్రజలకు ఏ ప్రభుత్వమైనా నేర్పగలదా? కెనడా సుప్రీంకోర్టు 1998లో క్యుబెక్ విషయంలో, స్పష్టమైన ప్రశ్నకు స్పష్టమైన మెజారిటీ వస్తే మాట్లాడవలసిన బాధ్యత అందరి మీదా ఉందని చెప్పింది. 1995లో అక్కడ ఒక్క శాతం పైచిలుకు తేడాతో దేశం నిలబడింది. అంత దగ్గరికి వచ్చాక కెనడా నేర్చుకుంది.

భారత రాజ్యాంగంలో మూడో అధికరణం ఉంది కాబట్టి తెలంగాణకు దారి ఉన్నట్టే కదా అని మీ న్యాయ సలహాదారులు అనవచ్చు. ఉంది, కానీ ఆ తాళం ఢిల్లీ చేతిలోనే ఉంటుంది. రాష్ట్ర శాసనసభ అభిప్రాయం అడుగుతారు, ఆ అభిప్రాయానికి కట్టుబడక్కర్లేదు. 2014 జనవరి 30న, గన్‌పార్కు ఎదుటి భవనంలోనే, ఆంధ్రప్రదేశ్ శాసనసభ విభజన బిల్లును మూజువాణి ఓటుతో తిరస్కరించింది. ఫిబ్రవరి 13న లోక్‌సభలో పెప్పర్ స్ప్రే కొట్టారు. సరిగ్గా అదే రోజున ఎడింబరోలో మీ ఆర్థిక మంత్రి జార్జ్ ఆస్బోర్న్ విడిపోతే పౌండును పంచుకోబోమని చెప్పారు. 18న లోక్‌సభ తలుపులు మూసి, టీవీ ప్రసారం ఆగిపోయి, బిల్లు ఆమోదం పొందింది. 20న రాజ్యసభ ఒప్పుకుంది. పెద్దమనుషుల ఒప్పందం రాసిన తేదీకి సరిగ్గా యాభై ఎనిమిదేళ్లు.

తెలంగాణ రావడం న్యాయం. ఈ ఉత్తరానికి అందులో అనుమానం లేదు. వచ్చిన తీరు మాత్రం ఎవరికీ మేలు చేయలేదు. ఎన్నికల ముందు ఆఖరి సమావేశాల్లో, కేకల మధ్య చేసిన చట్టం కాబట్టి, లెక్కలు తేల్చకుండానే వదిలేశారు. పదేళ్లు ఉమ్మడి రాజధాని అన్నారు. కొంతకాలం ఆ ఒక్క శాసనసభ ప్రాంగణంలోనే రెండు రాష్ట్రాల సభలు నడిచాయి. విభజన చట్టం తొమ్మిదో షెడ్యూలు కింద, తర్వాత చేర్చినవాటితో కలిపి 91 సంస్థలు, పదో షెడ్యూలు కింద 142. తొమ్మిదో షెడ్యూలువాటిలో ఏది ఎవరిదో చెప్పమని షీలా భిడే కమిటీ వేశారు. ఉన్నత విద్యామండలి డబ్బు, ఆస్తి ఇక్కడున్నాయి కాబట్టి మావే అన్న తెలంగాణ వాదనను 2016లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. కృష్ణా నీటిలో 811 టీఎంసీలకు 512, 299 అని తాత్కాలికంగా పంచుకున్నది ఏళ్ల తరబడి తాత్కాలికంగానే సాగింది.

మనుషులను పంచడం ఇంకా కష్టమైంది. 2015 జూన్‌లో తెలంగాణ విద్యుత్ సంస్థలు 1,157 మంది ఉద్యోగులను ఆంధ్ర స్థానికులంటూ రిలీవ్ చేశాయి. ఆంధ్ర సంస్థలు చేర్చుకోలేదు. పిల్లల బడులు ఇక్కడ, ఇంటి అప్పు ఇక్కడ, ఉద్యోగం ఎక్కడో తెలియదు. హైకోర్టు, సుప్రీంకోర్టు, జస్టిస్ ధర్మాధికారి కమిటీ, ఇలా ఏళ్లు తిరిగారు. వాళ్లలో ఒక్కరూ రాష్ట్రాన్ని విడగొట్టమనో కలిపి ఉంచమనో చట్టం రాసినవాళ్లు కారు. ఎడింబరోలో పనిచేసే మీ పన్నుల శాఖ గుమాస్తాకు, ఫాస్లేన్ నౌకాస్థావరంలో పనిచేసే మెకానిక్‌కు రేపు ఇదే అవస్థ రాకూడదు.

నాంపల్లిలోనే ఇంకో ఉదాహరణ ఉంది. పబ్లిక్ గార్డెన్స్ ఆవరణలో 1985లో పెట్టిన తెలుగు విశ్వవిద్యాలయం. ఆంధ్ర రాష్ట్రం కోసం 1952లో 58 రోజులు నిరాహారంగా ఉండి ప్రాణం వదిలిన పొట్టి శ్రీరాములు పేరు పెట్టుకుంది. దాని పీఠాలు రాజమండ్రిలో ఉన్నాయి, శ్రీశైలంలో ఉన్నాయి, కూచిపూడిలో ఉన్నాయి. ఒకే భాష, ఒకే విశ్వవిద్యాలయం, రెండు రాష్ట్రాలు. పదో షెడ్యూలులో పడింది కాబట్టి, ఉద్యోగులు, పీఠాలు, పింఛన్లు, ఏ ప్రశ్నకూ తొందరగా జవాబు దొరకలేదు. 2025లో తెలంగాణ శాసనసభ దానికి సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టింది. సురవరం వారు ఆ గౌరవానికి అన్ని విధాలా తగినవారు. శ్రీరాములు గారి త్యాగమూ తగ్గేది కాదు. పంపకాలు సరిగ్గా జరిగి ఉంటే ఇద్దరి పేర్లతో రెండు రాష్ట్రాల్లో రెండు మంచి విశ్వవిద్యాలయాలు ఎప్పుడో నిలబడి ఉండేవి, తెలుగు చదువుకునే పిల్లలు ఏ వివాదమూ లేకుండా చదువుకునేవారు.

నోటిమాట సంగతి కూడా వినండి. రాజ్యసభ బిల్లును ఒప్పుకున్న ఆ ఫిబ్రవరి 20నే, ప్రధానమంత్రి మన్మోహన్‌సింగ్ సభలో లేచి ఆంధ్రప్రదేశ్‌కు అయిదేళ్లు ప్రత్యేక హోదా ఇస్తామన్నారు. చట్టంలో రాయలేదు. మూడు నెలలకు ప్రభుత్వం మారింది. హోదా రాలేదు. విజయవాడలో, విశాఖలో, తిరుపతిలో ఎన్ని బంద్‌లు చేసినా రాలేదు. తెలంగాణకు 1956లో జరిగిన మోసాన్నే ఆంధ్రకు 2014లో ఢిల్లీ చేసింది, అదే తేదీన. 2024 జూన్ 2న ఉమ్మడి రాజధాని గడువు ముగిసింది. అయినా ఆ జూలైలో ఇద్దరు ముఖ్యమంత్రులు, చంద్రబాబు నాయుడు, రేవంత్ రెడ్డి, హైదరాబాద్ ప్రజాభవన్‌లో కూర్చుని మిగిలిపోయిన విభజన సమస్యల జాబితా మళ్లీ తెరవవలసి వచ్చింది.

ఇప్పుడు మీ ఇబ్బందులు. 2024 జూలైలో లేబర్ పార్టీకి 650లో 411 స్థానాలు వచ్చాయి. ఓట్లు మాత్రం మూడింట ఒక వంతు. అంత పెద్ద మెజారిటీ ఉండి కూడా పింఛనుదారుల చలికాలపు ఇంధన సాయం కోసి, ఏడాది తిరక్కుండా వెనక్కి తగ్గారు. 2025 జూలైలో సంక్షేమ బిల్లు మీద సొంత ఎంపీలే ఎదురు తిరిగారు. సెప్టెంబర్‌లో ఉప ప్రధాని ఆంజెలా రేనర్ పన్ను వివాదంలో రాజీనామా చేశారు. ఇంతటి చికాకుల్లో స్కాట్లాండ్ ఓటు ఊసు ఎందుకని మీ సలహాదారులు అనడం సహజమే. ఢిల్లీలోనూ ప్రతిసారీ అదే అన్నారు. 1973లో సంక్షోభం తల మీదికి వచ్చాక ఆరు సూత్రాలు, 2009లో ఒక మనిషి ప్రాణం మీదికి వచ్చాక ప్రకటన, 2014లో ఎన్నికలు మీదికి వచ్చాక చట్టం. మీ 2014 ప్రమాణం కూడా ఓటు రెండు రోజుల్లో ఉందనగా, సర్వేలు భయపెట్టాక వచ్చిందే. ఎవరి మెడ మీదా కత్తి లేని సమయం ఒకటి ఎప్పుడో వస్తుందని ఎదురుచూడకండి. ఓటు రేపే లేదు కాబట్టి నియమం ఈ రోజే రాయవచ్చు. ఎవరు గెలుస్తారో తెలియనప్పుడు రాసిన నియమాన్నే రెండు పక్షాలూ ఒప్పుకుంటాయి.

అందులో ఉండవలసినవి పెద్ద రహస్యాలేమీ కావు. స్కాట్లాండ్ సభ ఎంత మెజారిటీతో అడిగితే ఓటు పెట్టాలి, ఒక ఓటుకూ ఇంకో ఓటుకూ మధ్య ఎన్నేళ్లు ఉండాలి, గెలుపుకు ఎంత శాతం చాలు. జాతీయ అప్పులో వాటా, చమురు, పింఛన్లు, పౌండు, అణు జలాంతర్గాములున్న ఫాస్లేన్, వీటి మీద ఓటుకు ముందే ఇద్దరూ సంతకం పెట్టిన కాగితం. ఉద్యోగులకు ఎటు కావాలంటే అటు ఉండే హక్కు, తేలేదాకా జీతం ఆగకుండా హామీ. తగవు వస్తే తేల్చే కోర్టు పేరు, దానికి గడువు. ఓడిపోయిన పక్షానికి ఇచ్చే హామీ ఏదైనా సరే, పత్రిక మొదటి పేజీలోనో సభలో నోటిమాటగానో కాకుండా చట్టం లోపల.

ఇవన్నీ లేకపోతే ఏమవుతుందో తెలుసుకోవడానికి మీ అధికారులు దూరం వెళ్లనక్కర్లేదు. హైదరాబాదులో మీ డిప్యూటీ హైకమిషన్ ఉంది. అక్కడి నుంచి ఇద్దరిని నాంపల్లి పంపండి. తొమ్మిదో షెడ్యూలు, పదో షెడ్యూలు ఫైళ్లు చూడమనండి, రిలీవ్ అయిన విద్యుత్ ఉద్యోగులను కలవమనండి, తెలుగు విశ్వవిద్యాలయం సిబ్బందితో మాట్లాడమనండి. వాళ్లు రాసుకొచ్చిన నోటును ఎడింబరోలోని ఫస్ట్ మినిస్టర్‌కు కూడా ఒక ప్రతి పంపండి.

ఇట్లు,
నాంపల్లి నుంచి ఒక పౌరుడు